తలగడ కింద ఇనుము

“దాన్ని తీసెయ్యి పెద్దమ్మా.”

“ఎందుకు తియ్యాలే? పసిపిల్ల తలగడ కింద ఇనుము లేకుండా మన ఇళ్ళలో ఎవరైనా పడుకోబెట్టారా?”

“నేను పడుకోబెడతాను.”

“నీదేం పోయింది, పడుకోబెడతావు. రేపు ఏదైనా జరిగితే మీ అత్తగారి ముందు నిలబడాల్సింది నేను. అది తీస్తే ఏమవుతుందో తెలుసా నీకు?”

“ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు.”

ఆ మాట అన్నది మా చెల్లెలి కూతురు. పురిటి మంచం మీద గోడకి వీపు ఆనించి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుని అంది. కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెప్పింది. పక్కన పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లి చేతులు మాత్రం తొడల కింద నుంచి బయటికి రాలేదు.

చెల్లెలి కూతురైనా అది నాకు మా అమ్మాయే. పోయిన నెల కాకినాడలో గుండె ఆగి చనిపోయింది. దినం భోజనాల దగ్గర మా వాళ్ళలోనే ఒకావిడ, విస్తరి ముందు కూర్చుని, పాపం మంచిదే గానీ పిల్లలంటే ఆవిడకి అంత ఇది లేదని, కన్నకూతుర్నే పురిట్లో ముట్టుకోలేదట అని పక్కావిడతో చెప్పింది. పప్పు వడ్డిస్తున్న దాని కూతురు, ఆనాటి ఆ పసిపిల్లే, ఆ మాట వింది. ఇంటర్ చదువుతున్న పిల్ల. గరిటె ఆపలేదు. ఆ వరస పూర్తిచేసి లోపలికి వెళ్ళిపోయింది. చావు జరిగిన ఇంట్లో గొడవెందుకని నేను అక్కడ నోరెత్తలేదు. ఆ పిల్ల కోసం ఇప్పుడు రాస్తున్నాను. వాళ్ళమ్మ పేరు రాయను. తల జబ్బు అన్న మాట పక్కన పేరు కనబడితే, రేపు కూతురికి సంబంధం చూసేవాళ్ళు వెనక్కి తిరిగి పోయే రోజులు ఇంకా పోలేదు.

మా అమ్మాయి పద్ధతులు చూసినవాళ్ళకి ఆ అనుమానం రావడంలో వింత లేదు. ఎవరింట్లోనైనా పురుడంటే అందరూ సబ్బుపెట్టె, పౌడరు డబ్బా, గౌను పట్టుకుని వెళ్తారు. ఇది కేరేజీలో వేడి అన్నం, చారు పట్టుకుని వెళ్ళేది. వెళ్ళి ఉయ్యాల వైపు చూసేది కాదు. బాలింత మంచం కోడు పక్కన నేలమీద కూర్చునేది. వచ్చినవాళ్ళు ముక్కు తండ్రిది, నుదురు తాతది అని పంచుకుంటుంటే ఇది మాట్లాడకుండా వాళ్ళు లేచి వెళ్ళేదాకా ఉండేది. అందరూ వెళ్ళాక బాలింతని మెల్లిగా అడిగేది: “నిద్ర పడుతోందా? పిల్ల పడుకున్నప్పుడైనా పడుతోందా? తలలోకి పిచ్చి పిచ్చివి ఏమైనా వస్తున్నాయా? వస్తే చెప్పు. నాకూ వచ్చాయి.”

కొందరు నవ్వేసేవాళ్ళు. కొందరు అత్తగార్లకి కోపం వచ్చేది, శుభమా అని పురుడొచ్చిన ఇంట్లో ఇవేం మాటలని. పిల్లని చూడటానికి వచ్చి పిల్లని చూడని మనిషని పేరు పడింది. ఒకామె మాత్రం ఆ మాట అడగ్గానే దాని భుజం మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చిందని, ఏమీ చెప్పలేదని, ఇది ఆ సాయంత్రం తిరిగొచ్చి ఎస్టీడీ బూత్ నుంచి నాకు ఫోన్ చేసి చెప్పింది. “రేపు మళ్ళీ వెళ్తాను పెద్దమ్మా. ఈసారి చెప్తుంది” అంది.

చిన్నప్పుడు ఇలాంటి మనిషి కాదు. దానికి తల్లి చిన్నతనంలోనే పోయింది. సెలవులకి మా ఇంటికే వచ్చేది. మా ఊరు రామచంద్రపురం దగ్గర, కాలువ గట్టు మీద. నా పొదుపుని వెక్కిరించే ధైర్యం ఇంట్లో దానికొక్కదానికే ఉండేది. అరిగిపోయిన సబ్బుముక్క కొత్త సబ్బుకి అతికిస్తుంటే పక్కన నిలబడి, “పెద్దమ్మా, కాల్చిన అగ్గిపుల్లలు కూడా ఉతికి ఆరెయ్యకపోయావా” అనేది. నేను చెయ్యెత్తేలోపు వాకిట్లో ఉండేది.

దానికి కత్తి బాగా వచ్చు. మా వైపు పెళ్ళిళ్ళలో పనసపొట్టు కూర లేకపోతే భోజనం పెట్టనట్టే. లేత కాయ చెక్కు తీసి, చేతికి నూనె రాసుకుని, ఎడమచేత్తో కాయ నిలబెట్టి తిప్పుతూ, కుడిచేత్తో బరువైన కత్తి పెట్టి కొడుతూ ఉంటే పొట్టు సన్నగా రాలాలి. కత్తికీ ఎడమచేతి వేళ్ళకీ మధ్య ఖాళీ ఉండదు. పెద్దవాళ్ళే కాయ మీద నుంచి కళ్ళు తియ్యరు. ఇది పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూ, వీధిలో పోయేవాళ్ళని పలకరిస్తూ కొట్టేది. పెళ్ళి ఎవరిదైనా దీన్ని ముందురోజే తీసుకెళ్ళేవారు. ఒక్కసారి కూడా వేలు తెగలేదు. కత్తి అంటే భయం లేదా అని ఎవరో అడిగితే, “నా చెయ్యి నా మాట వింటుందండి” అంది.

పెళ్ళి చేశాం. అల్లుడికి కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. అత్తవారిది పెద్దాపురం అవతల పల్లె. తొలి పురుడు పుట్టింట్లో జరగాలి గనక, తల్లి స్థానంలో నేనే తీసుకొచ్చాను. రామచంద్రపురం ఆస్పత్రిలో సుఖంగా కాన్పయింది. ఆడపిల్ల. వానాకాలం. ఇంటికి తీసుకొచ్చి, అందరం చేసేవన్నీ చేశాను. చెవుల్లో దూది, తలకి గుడ్డ, కారప్పొడీ వెల్లుల్లీ వేసి పాతబియ్యం అన్నం, సాంబ్రాణి పొగ. గాలి తగలకుండా కిటికీ మూశాను. పిల్ల తలగడ కింద మామిడికాయలు కోసే చాకు పెట్టాను. ఇనుము ఉంటే చెడుగాలి దగ్గరికి రాదని మా అత్తగారు నా పిల్లలందరికీ పెట్టారు. నేను నా మనవలకి పెట్టాను. అందులో నాది తప్పని రాయడానికి కూర్చోలేదు. అది మా ఇళ్ళలో ఉన్న పద్ధతి.

రెండో మూడో రోజు నుంచి చాకు తలగడ కింద ఉండటం మానేసింది. ఒకసారి బియ్యం డబ్బాలో దొరికింది. ఒకసారి దూలం మీద. ఒకసారి పెరట్లో అరటిపాదులో మట్టి తవ్వి పూడ్చిపెట్టి ఉంది. ప్రతిసారీ నేను దాన్ని కడిగి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టాను. మంచి చాకు. ఇంట్లో ఉన్న ఇనుము మట్టిపాలు చేసే అలవాటు మాకు లేదు.

దానితోపాటు ఇంకో సంగతి చూశాను. పిల్లని ఎత్తుకుని నిలబడటం మానేసింది. పాలిచ్చేటప్పుడు ముందు నేలమీద, గోడ మూల కూర్చుని, ఆ తర్వాత పిల్లని ఒళ్ళో పెట్టమనేది. పాలు తాగడం అవగానే “తీసుకో పెద్దమ్మా, తీసుకో” అని తొందర చేసేది. నూతి వైపు వెళ్ళాల్సి వస్తే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకుని నడిచేది. నిద్ర లేదు. పిల్ల పడుకున్నా ఇది దూలం వంక చూస్తూ కూర్చునేది. ఏమే, ఏమైందంటే ఒకటే మాట: “నా తల నా మాట వినట్లేదు.”

పక్కింటి ఆవిడ వచ్చి చూసి గాలి సోకిందని తేల్చింది. నాకూ అదే అనిపించింది. ఇక ఇనుము పెంచాం. గుమ్మానికి అడ్డంగా కొడవలి పెట్టాం. మంచం కింద పాత గునపం ముక్క. కిటికీ గూట్లో అడకత్తెర. అది భయపడేకొద్దీ మేము ఒక్కొక్కటీ తెచ్చి పెట్టాం. మేము పెట్టేకొద్దీ అది మంచం మధ్యకి జరిగి, కాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. ఇటు దిగితే గునపం, అటు కదిలితే అడకత్తెర, బయటికి పోదామంటే గుమ్మంలో కొడవలి. ఆ గదిలో దానికి అడుగు పెట్టడానికి చోటు లేకుండా పోయింది.

ఆ స్థితిలో జరిగింది నేను మొదట రాసిన గొడవ. ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు అంది. ఏమవుతుందే అని గట్టిగా అడిగాను. పిల్ల వంక చూడకుండా, గోడ వంక చూస్తూ చెప్పింది. “దాన్ని చూసినప్పుడల్లా నా చెయ్యి దాన్ని తీసుకుంటున్నట్టు, పిల్లని ఏదో చేసినట్టు కళ్ళకి కనబడుతోంది పెద్దమ్మా. నూతి దగ్గరికి వెళ్తే నూతిలో కనబడుతోంది. నేను అనుకోవట్లేదు. అదే వస్తోంది. అందుకే చేతులు ఇలా పెట్టుకుంటున్నాను.”

పిల్లని తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. అన్నం వార్చడం మర్చిపోయాను, మాడింది. తర్వాత పిల్లకి టీకా వేయించాలని పక్కింట్లో చెప్పి, ఇద్దరినీ రామచంద్రపురం తీసుకెళ్ళాను. కాన్పు చేసిన డాక్టరమ్మ విని, ఏమీ తిట్టకుండా, కాకినాడలో మనసు జబ్బులు చూసే ఒక పెద్దాయన దగ్గరికి పంపించారు. బస్సులో దారి పొడుగునా పిల్ల నా ఒళ్ళో ఉంది. ఇది కిటికీ కమ్మీ రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆయన మందులిచ్చి పడుకోబెట్టేస్తారని, పిల్లని నాకిచ్చి పొమ్మంటారని అనుకున్నాను. దాన్ని పిచ్చాసుపత్రిలో వదిలి ఇంటికి ఎలా వెళ్ళడమా అని ఆలోచిస్తున్నాను.

ఆయన దాన్ని చాలాసేపు మాట్లాడించారు. తర్వాత నన్ను పిలిచారు. నేను నాలుగో తరగతితో ఆపేసినదాన్ని, నాకు అర్థమయ్యేలా చెప్పండన్నాను.

“బిడ్డ పుట్టగానే తల్లి మెదడులో ఒక కాపలావాడు లేస్తాడమ్మా” అన్నారు. “బిడ్డకి ఏ ఆపదా రాకుండా చూడటం వాడి పని. అందరు తల్లులకీ లేస్తాడు. మీకూ లేచే ఉంటాడు. కొందరికి వాడు నిద్రపోడు, వాళ్ళని నిద్రపోనివ్వడు. ప్రతి నీడనీ దొంగ అంటాడు. ఈ అమ్మాయికి దీని చేతుల్నే దొంగలంటున్నాడు. చెయ్యాలని ఉన్నవాళ్ళు ఇలా భయపడరమ్మా. చేసేస్తానేమోనని వణికిపోతోందంటే దీనికి బిడ్డ మీద ఉన్న మమకారం అంత. ఇది మెదడుకి వచ్చిన జబ్బు. మందు ఉంది. పాలు మానిపించక్కర్లేదు. కుదుటపడటానికి వారాలు పడుతుంది.”

పిల్లని దూరంగా ఉంచమంటారా అని అడిగాను.

“దూరం పెడితే ఆ కాపలావాడు తను చెప్పింది నిజమే అనుకుంటాడు. పక్కన ఎవరో ఒకరు తోడుండండి, పిల్లని మాత్రం దీని దగ్గరే ఉంచండి. ఇంకోటి. బిడ్డ ఊఁ అంటే తల్లి ఊఁ అనాలి. బిడ్డ ముఖంలోకి చూస్తే తల్లి తిరిగి చూడాలి. ఆ ఇచ్చిపుచ్చుకోవడంతోటే పసిమెదడు అల్లుకుంటుంది. ఇప్పుడు ఈ అమ్మాయికి ముఖంలో ఏ భావమూ రాదు. రాకపోయినా ఆ పని చెయ్యమనండి.”

తలగడ కింద ఏదో పెట్టారట కదా అని చివర్లో అడిగారు. ఇంటికి రాగానే చాకు తీసి వంటింటి గూట్లో పైన పెట్టాను. కొడవలి, గునపం, అడకత్తెర వాటి చోట్లకి వెళ్ళాయి. తలగడ కింద వేపరెమ్మ పెట్టాను, పక్కింటి ఆవిడ అడిగితే చూపించడానికి. కిటికీ తెరిచాను.

మాత్రలు మొదలయ్యాయి. వెంటనే ఏమీ మారలేదు. ఇది పొద్దున్నే నేలమీద కూర్చుని పిల్లని ఒళ్ళో పెట్టించుకుని దాని ముఖంలోకి చూసేది. పిల్ల ఊఁ అనేది. ఇది ఊఁ అనేది. బళ్ళో హాజరు పిలిస్తే పలికినట్టు ఉండేది ఆ మాట. నవ్వు లేదు, ముద్దు లేదు, బుజ్జగింపు లేదు. నేను గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీసుకుంటూ వినేదాన్ని. వినడానికి మనసొప్పేది కాదు. ఒకరోజు పిల్ల దాన్ని చూసి నవ్వింది. మొదటి నవ్వు. నేను చూశాను.

“నవ్వింది పెద్దమ్మా” అంది. తర్వాత, “నాకెందుకు రావట్లేదు?” అంది.

“రాకపోతే రాకపోనీ. పిల్ల అడిగినదానికి బదులు చెప్పు” అన్నాను.

ఊఁ అంది.

మంచి రోజులు లేక బారసాల వెనక్కి జరిగింది. దానికని దాని అత్తగారు వచ్చారు. మనిషి చెడ్డది కాదు. గూట్లో మాత్రలు చూసి ఏంటని అడిగింది. బలానికి అని నేను చెప్పేలోపు ఇది ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. చాకు, నుయ్యి, డాక్టరు, అన్నీ. బారసాల అయిన సాయంత్రం చుట్టాలు వెళ్ళిపోయాక ఆవిడ పిల్లని ఒళ్ళోకి తీసుకుని నన్ను పిలిచింది.

“వదినగారూ, రేపు పొద్దున్న బస్సుకి పిల్లని తీసుకెళ్తానండి. తల మాత్రలు వేసుకునేదాని చేతిలో పిల్లని ఎలా పెట్టమంటారు?”

“జ్వరం మాత్ర వేసుకునేదాని చేతిలో పెడతారు కదండీ” అన్నాను.

“జ్వరం వేరండి. ఒళ్ళు వేడెక్కితే దుప్పటి కప్పుకుంటుంది. బుర్ర వేడెక్కితే ఏం చేస్తుందో ఎవరికి తెలుసు?”

“పాలో?”

“డబ్బా పాలు పడతాం. మా మరిది పిల్లలు డబ్బా పాలతోటే ఏనుగుల్లా ఉన్నారు.”

పిల్ల తండ్రి బారసాల పీటల మీద నుంచే డ్యూటీకి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు అమ్మ ఎలా అంటే అలాగే అన్నాడు. డాక్టరు చెప్పినవన్నీ నేను ఆవిడకి చెప్పాను. కాపలావాడి సంగతి చెప్తే, కాపలావాడికే పిచ్చెక్కితే ఇల్లు ఎవరు కాస్తారండీ అంది. పిల్ల వెళ్ళిపోతే ఇది ఆ గోడ మూల నుంచి ఇక లేవదని మాత్రం నాకు తెలుసు.

అప్పటిదాకా మా అమ్మాయి గుమ్మం పట్టుకుని నిలబడి వింటోంది. “అత్తయ్యగారూ, నాకు వచ్చేవి చెడ్డ ఆలోచనలే. లేవని చెప్పను. కానీ వస్తున్నాయని మీకు చెప్పింది నేనే కదండీ. నేను దాచుకుంటే మీరు నా చేతికే ఇచ్చి వెళ్ళేవారు” అంది.

ఆవిడ పిల్ల కాలి పట్టీ సర్దింది. చివరికి, “సరే. రేపు పొద్దున్న నా ఎదురుగా నువ్వొక్కదానివే పిల్లకి నీళ్ళు పొయ్యి. ఎవరూ సాయం పట్టకూడదు. పోస్తే నీ దగ్గరే ఉంచుతాను. పొయ్యలేకపోతే తీసుకెళ్తాను, మీ పెద్దమ్మ కూడా నన్ను ఆపకూడదు” అంది.

అప్పటిదాకా పిల్లకి నీళ్ళు రోజూ నేనే పోసేదాన్ని. నీళ్ళ బిందె దగ్గర పిల్ల ఉంటే ఇది గదిలోంచి బయటికి వచ్చేది కాదు. ఆ సంగతి ఆవిడ వచ్చిన రోజే చూసింది. నేను ఒప్పుకోలేదు. మా అమ్మాయే సరేనండి అంది.

మర్నాడు పొద్దున్నే నేను పెరట్లో పొయ్యి వెలిగించి నీళ్ళు కాచాను. చన్నీళ్ళు కలిపి, మోచేత్తో వేడి చూసి, బకెట్టు పీట పక్కన పెట్టి దూరంగా వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ ప్రయాణం చీర కట్టుకుని, పిల్ల బట్టలు కూడా సర్దుకున్న సంచీ అరుగు మీద పెట్టుకుని, పిల్లని ఎత్తుకుని వచ్చింది. మా అమ్మాయి పీట మీద కూర్చుని చీర మోకాళ్ళ పైకి తీసి కాళ్ళు చాపింది. ఆవిడ పిల్లని దాని కాళ్ళ మీద పడుకోబెట్టి, వెనక్కి జరిగి, చెంబు దాని వైపు తోసింది.

మా అమ్మాయి చెంబు అందుకుంది. ముంచి, పిల్ల దాకా తెచ్చి, నీళ్ళు నేలమీద పోసేసింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ నేలమీదే పోసింది. చెంబు కింద పెట్టేసింది. పిల్ల ఒంటిమీద గుడ్డ లేదు, చలికి ఏడుపు మొదలుపెట్టింది.

“నేనొక్కదాన్నే పొయ్యనండి” అంది. “మీరు పొయ్యండి అత్తయ్యగారూ. నేను పట్టుకుంటాను.”

ఆవిడ నా వంక చూసింది. పిల్ల ఏడుస్తోంది. ఆవిడ చీర కుచ్చెళ్ళు దోపుకుని, పీట పక్కన మట్టిలో గొంతుక్కూర్చుని, చెంబు ముంచి పోసింది. మా అమ్మాయి ఎడమచేతిని పిల్ల మెడ కింద పెట్టింది. కుడి అరచేతిని పిల్ల నుదుటి మీద చూరులా అడ్డం పెట్టింది, కళ్ళలోకీ ముక్కులోకీ నీళ్ళు పోకుండా. బకెట్టు ఖాళీ అయ్యేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

తుడిచి, సాంబ్రాణి వేసి, పిల్లకి పాలిచ్చి పడుకోబెట్టాం. వంతెన దగ్గర బస్సు హారను వినబడింది. ఆవిడ సంచీ విప్పి, పిల్ల బట్టలు బయటికి తీసి, మడతలు చెదరకుండా మంచం మీద పెట్టింది. తడిసిన ప్రయాణం చీరతోనే ఒక్కతే వెళ్ళి బస్సెక్కింది.